డబ్బా మూతికి పెట్టిన బొట్టు

మా రిటైర్డ్ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఆ బొమ్మ మళ్లీ వచ్చింది. రాగి పళ్లేలు అంతస్తులుగా వేలాడే క్వాంటం కంప్యూటర్ ఫోటో అది. దానికి ఎవరో ఇంత పెద్ద ఎర్ర బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, కింద "తల్లి చల్లబడ్డది, ఇగ వరాలిస్తది" అని రాశారు. దాని కింద వరసగా నవ్వే ముఖాలు. ఒకాయన కళ్లనీళ్లు కారేట్టు నవ్వే ముఖం మూడుసార్లు పెట్టాడు. ఆయన అప్పట్లో మా డిపార్ట్‌మెంట్ హెడ్. ఆ బొమ్మ ఎక్కడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో ఆయనకు బాగా తెలుసు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోను మంచం మీద విసిరేసి తార్నాక చౌరస్తా దాకా నడిచి వచ్చాను. అయినా చల్లారలేదు. ఆ బొమ్మకు మూలమైన అసలు బొట్టు పెట్టిన వేలు నాది. దానివల్ల పోయింది మాత్రం ఒక అమ్మాయి చదువు.

నా పేరు యాదగిరి. యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో, బాగా చల్లటి ప్రయోగాలు చేసే లాబ్‌లో ముప్పై మూడేళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. ఇలాంటి లాబుల్లో, వర్క్‌షాపుల్లో కొత్తగా చేరే పిల్లలు చదవాలని ఇది రాస్తున్నాను. ఇంక్రిమెంట్లు, సీనియారిటీ లిస్టులు మీకు యూనియన్ వాళ్లు చెప్తారు. ఇది వాళ్లు చెప్పరు.

అసలు పని

"ఏం పని చేస్తవ్?" అని బంధువులు అడిగితే "లీకులు దొరకబడ్త" అనేవాణ్ని. నల్లాలు బాగుచేస్తాననుకునేవాళ్లు. అది తప్పేమీ కాదు.

పేపర్లవాళ్లు క్వాంటం కంప్యూటర్ అంటే చిప్పు గురించే రాస్తారు. చిప్పు గోరంత ఉంటుంది. అది పనిచేయాలంటే దాన్ని మనం ఊహించలేనంత చల్లబరచాలి. దానికి పెద్ద యంత్రం కావాలి, మేం దాన్ని ఫ్రిజ్ అనే అంటాం. ఆ ఫ్రిజ్‌లో ఒక లోహపు డబ్బా ఉంటుంది. చిప్పు ఆ డబ్బాలో వేలాడుతుంది. డబ్బా లోపల గాలి అన్నది ఉండకూడదు. బయట చుట్టూ ద్రవ హీలియం ఉంటుంది. ఆ హీలియం పిసరంత లోపలికి చొరబడినా చిప్పు చల్లబడదు, అంతా వృథా.

మరి డబ్బాకీ మూతకీ మధ్య ఏం పెట్టాలి? రబ్బరు పెడితే ఆ చలికి రాయైపోతుంది. అందుకని ఇండియం అనే లోహపు తీగ పెడతాం. గోరుతో నొక్కితే నొక్కు పడేంత మెత్తన. డబ్బా మూతి చుట్టూ గాడిలో ఆ తీగను పరిచి, రెండు కొసలూ ఒకదానిమీద ఒకటి వేసి, మూత పెట్టి స్క్రూలు బిగించాలి. వరసగా బిగిస్తే పనికిరాదు. ఇటొకటి, దాని ఎదురుగా అటొకటి, కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. గంట ఆగి మళ్లీ బిగించాలి. తీగ కింద ఒక వెంట్రుక ఉన్నా, ఒక గీత ఉన్నా లీకే. అందులో దరిద్రం ఏమిటంటే, మామూలు వేడిలో పరీక్ష చేస్తే ఆ లీకు కనపడకపోవచ్చు. హీలియం పోసి అంతా ముడుచుకున్నాక అప్పుడు నోరు తెరుస్తుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇదీ పని. ఈ పని గురించి ఏ పేపర్లోనూ ఒక్క ముక్క ఉండదు. "మన శాస్త్రవేత్తల ఘనత" అని ఉంటుంది. చిప్పు చేసినవాళ్ల ఘనత నేను కాదనను. కానీ గాడి తుడిచినవాడు ఎవడో తెలియకపోతే, గాడి తుడవనివాడు ఎవడో కూడా తెలియదు. నాకు ఇన్నాళ్లూ మొదటి సంగతి మీదే కోపం ఉండేది. రెండోదాని వల్ల నేను బతికిపోయానని చాలా ఆలస్యంగా అర్థమైంది.

పెద్దసార్

నేను చేరినప్పుడు లాబ్ ఒక ముసలి ప్రొఫెసర్ చేతిలో ఉండేది. అందరం పెద్దసార్ అనేవాళ్లం. చేరిన మొదటి ఏడాది నేను ఒక స్క్రూని వంకరగా ఎక్కించి మూతలో మరలు చెడగొట్టాను. భయమేసి అక్కడ ఇంత గ్రీజు పూసి పైకి మామూలుగా కనపడేలా చేశాను. లీకు వచ్చింది. పెద్దసార్ స్టూలు వేసుకుని కూర్చుని, సన్నటి గొట్టంతో ఒక్కొక్క అతుకు మీద హీలియం ఊదుతూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెతికాడు. నేను పక్కనే నిలబడి ఆయనకు పానాలు అందిస్తున్నాను. చెప్పాలని నోటిదాకా వస్తోంది, మింగలేక కక్కలేక చచ్చాను.

నాలుగింటికి ఆయన గొట్టం ఆ గ్రీజు దగ్గరికి వచ్చింది. హీలియం లోపలికి దూరినట్టు మీటరు ముల్లు లేచింది.

"ఇది ఎవరు చేసినరు?" అన్నాడు.

"నేనే సార్."

ఆయన తిట్టలేదు. లాగ్‌బుక్ తెప్పించి నా చేతనే రాయించాడు. ఏం చెడగొట్టాను, ఎలా దాచాను, ఎవరిని ఒక రోజంతా కూర్చోబెట్టాను. కింద నా సంతకం. మర్నాడు కొత్త మూత చేసే పని నాకే ఇచ్చాడు.

"రాసినంక అయిపాయె. రాయకపోతే అది నీ ఎంబడే వస్తది" అన్నాడు.

పెద్దసార్ పోయాక వచ్చిన వాళ్లలో తెలివిగలవాళ్లు ఉన్నారు, మంచివాళ్లు కూడా ఉన్నారు. లాగ్‌బుక్ మాత్రం పోయింది. కంప్యూటర్లో ఫైలు అన్నారు. ఆ ఫైలు హెడ్ గదిలో ఉండేది.

జోకుల కాలం

ఆరేడేళ్ల కిందట మా దగ్గరా క్వాంటం మాట మొదలైంది. గేటు దగ్గర బ్యానరు కట్టారు. క్వాంటం అంటే ఒకే వస్తువు ఒకేసారి రెండు స్థితుల్లో ఉండగలదని సార్లు చెప్పారు. చాలదా మా వాళ్లకు?

స్టోర్స్ చూసే జహంగీర్ భాయ్ ఆ రోజుల్లో రోజుకొకటి వదిలేవాడు. "తార్నాక సిగ్నల్ కూడ క్వాంటమే భాయ్, ఎర్ర లైటుల బండ్లు పోతనే ఉంటయ్." ఇంకో రోజు, "మౌలాలి బస్సు క్వాంటం బస్సు. వస్తున్నదంటరు, కనవడదు. నువ్వు ఆటో ఎక్కినంక కనవడ్తది." హెడ్ సార్ గది ముందు నిలబడి, "సార్ సీట్ల ఉన్నడు, లేడు. తలుపు తీస్తెనే తెలుస్తది. తీస్తె లేడు" అనేవాడు. నేనూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. అబద్ధం ఎందుకు, అవి మంచి జోకులే. ఎవరికీ దెబ్బ తగలని జోకులు.

హెడ్ సార్‌కు కూడా హాస్యం ఎక్కువ. మీటింగులో ఒక జోకు, పార్టీలో ఒక జోకు, ఎవరైనా ఏదైనా గట్టిగా అడిగితే ఇంకో జోకు. ఆయన ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకుండా ఏళ్లకేళ్లు ఎలా గడిపాడో అప్పుడు మాకు తట్టలేదు, నవ్వుతూ ఉన్నాం కదా. నవ్వు నాలుగు విధాల చేటు అని మా అమ్మ అంటుంటే చాదస్తం అనుకునేవాణ్ని.

సువార్త

మా లాబ్‌లో పీహెచ్‌డీ చేసే అమ్మాయి సువార్త. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేది. వాళ్ల నాయన రైల్వేలో ట్రాక్ మీద పనిచేసేవాడు, నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం. ఆ ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి ఈమె.

సువార్త చేసింది ఒక చిన్న యాంప్లిఫయర్. క్వాంటం చిప్పు ఇచ్చే సిగ్నల్ ఎంత సన్నగా ఉంటుందంటే మామూలు పరికరాల రొదలో అది వినపడదు. ఆ సిగ్నల్‌ను పక్కనే ఉండి, తన రొద కలపకుండా పెద్దది చేసి బయటికి పంపాలి. అలాంటివి బయటి దేశాల నుంచే తెప్పించుకుంటారు. ఈ అమ్మాయి తన లెక్కలతో గీసుకుని, వేరే ఊరి లాబ్‌లో తయారు చేయించుకుని, ఒక ప్లాస్టిక్ డబ్బీలో పెట్టుకుని వచ్చింది. అందరికీ చూపించలేదు. నాకు చూపించింది.

"సార్, ఇది పనిచేస్తే నాది అయిపోతది" అంది.

అక్షరాలా అంతే. థీసిస్‌లో చివరి అధ్యాయానికి దాన్ని మా ఫ్రిజ్ డబ్బాలో చల్లబరిచి తీసిన ఒక్క కొలత కావాలి. గడువు దసరా తర్వాత రెండు నెలలు. హీలియం మాకు వంతుల ప్రకారం దొరికేది, ఆమె వంతు ఒక్కసారే ఉంది. అది దాటితే మళ్లీ నాలుగైదు నెలలకు గానీ రాదు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆయుధ పూజ

దసరా ముందు రోజు మా వర్క్‌షాప్‌లో ఆయుధ పూజ చేసేవాళ్లం. లేత్‌కి, డ్రిల్లుకి, లీకు పట్టే మిషన్‌కి అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లం. సువార్త కూడా వచ్చి నిలబడి కొబ్బరిముక్క తిని వెళ్లింది.

ఆ రోజు బల్ల మీద ఫ్రిజ్ డబ్బా ఉంది. గాడిలో ఒక చిన్న గీత ఉంటే రుద్ది సాపు చేసి అక్కడ పెట్టాను. అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చి, "అసలు మిషన్ ఇదే గదా" అని దాని మూతికి కూడా ఒకటి పెట్టాను. నూనె కలిపిన కుంకుమ. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఉత్సాహం.

సెలవుల తర్వాత అసిటోన్‌తో తుడిచాను. తుడిచిన ప్రతిసారీ భూతద్దం పెట్టి గాడి చుట్టూ చూడాలి. అది నేనే అందరికీ నేర్పిన పద్ధతి. ఆ రోజు చూడలేదు. ముప్పై ఏళ్లుగా తుడుస్తున్న గాడి, దీనికి మళ్లీ భూతద్దమా అనుకున్నాను. ఇత్తడి రంగులో కలిసిపోయిన ఎండు కుంకుమ ఒక స్క్రూ పక్కన గాడి మూలలో ఉండిపోయింది.

ఇంకోటి ఉంది. అంతకుముందు ఒక కుర్ర స్కాలర్ నేను తుడిచిన మూతిని తన చొక్కాతో మళ్లీ తుడిచి గీతలు పెట్టాడు. అప్పటినుంచి గోడ మీద కాగితం అంటించాను: యాదగిరి తుడిచిన తర్వాత ఎవరూ ముట్టరాదు. సువార్త ఇండియం తీగ పరచడానికి వచ్చి డబ్బా ముందు ఒక నిమిషం నిలబడింది.

"సార్, ఒకసారి లెన్స్ పెట్టి చూడొచ్చా? ముట్టుకోను."

"ఎందుకు, నా మీద నమ్మకం లేదా?" అన్నాను. గట్టిగానే అన్నాను.

"అట్ల కాదు సార్" అని తీగ పరిచింది. చక్కగా పరిచింది. ఎదురెదురు స్క్రూలు లెక్కపెట్టి బిగించింది, గంట ఆగి మళ్లీ బిగించింది. అంత శుభ్రంగా చేసిన పిల్లను నేను వేరే చూడలేదు.

హీలియం పోశాం. రెండో రోజుకు డబ్బాలో పీడనం పెరగడం మొదలైంది. మూడో రోజుకు ఫ్రిజ్ చల్లబడనని మొండికేసింది. ఉన్న హీలియం ఆవిరైపోయేదాకా ఆ అమ్మాయి మీటరు ముందు నుంచి కదల్లేదు.

ఆ వారం మీటింగులో హెడ్ సార్ అన్నాడు, "సువార్తా, నువ్వు మొన్న పూజలో దండం పెట్టలే. మిషన్ అలిగింది."

అందరూ నవ్వారు. సువార్త తల దించుకుంది. ఆమెది ఏ మతమో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ మాట ఎక్కడ తగులుతుందో కూడా తెలుసు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నేను నవ్వలేదు అని రాయాలని ఉంది. కొంచెం నవ్వాను.

టీ దగ్గర చెప్పిన మాట

నాలుగు రోజుల తర్వాత డబ్బా విప్పాను. తీగను ఒలిచి భూతద్దం కింద పెట్టాను. మెరిసే ఆ తీగలో ఒకచోట నువ్వుగింజలో సగమంత ఎర్రటి మరక అచ్చు దిగి ఉంది. వాసన చూశాను. నూనె, గంధం.

లేచి, ఆ తీగను కాగితంలో చుట్టుకుని చెప్పేయాలనే బయల్దేరాను. హెడ్ సార్, జహంగీర్ భాయ్, ఇద్దరు ముగ్గురు స్కాలర్లు డిపార్ట్‌మెంట్ వెనక చెట్టు కింద టీ తాగుతున్నారు. ఎవరో ఏదో జోకు చెప్పినట్టున్నారు, అందరూ నవ్వుతున్నారు. సువార్త అక్కడ లేదు. వాళ్ల నవ్వు చూడగానే నాకొక దారి దొరికింది. నవ్వుతూ చెబితే తేలిగ్గా పోతుంది కదా అనిపించింది.

"సార్, మిషన్ అలగలే. నేనే దానికి బొట్టు పెట్టి లోపటికి తోలిన" అన్నాను. పళ్లికిలిస్తూ అన్నాను.

కాగితం విప్పి తీగ చూపించాను. అందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. హెడ్ సార్ చేతిలో టీ ఒలికిపోయింది. "యాదగిరీ, ప్రపంచంల మొట్టమొదటి ముత్తైదువ క్వాంటం కంప్యూటర్ మనదేనయ్యా!" అన్నాడు. జహంగీర్ భాయ్ "వాహ్ భాయ్, వాహ్!" అని నా వీపు చరిచాడు. ఒక స్కాలర్ ఫోనులో తీగ ఫోటో తీసుకున్నాడు. సాయంత్రానికల్లా ఆ బొట్టు బొమ్మ తయారై క్యాంపస్ అంతా తిరిగింది.

నేనూ నవ్వాను. బరువు దిగిపోయిందనుకున్నాను.

మర్నాడు సువార్త ఫోను పట్టుకుని వచ్చింది. "సార్, ఇది నిజమేనా?"

"నిజమే బిడ్డా. తప్పు నాదే. హెడ్ సార్‌కు చెప్పిన. నీకేం కాదు, రంది పడకు."

ఆమె ముఖం తేటపడింది. "థాంక్స్ సార్" అంది. నా మాట నమ్మి, గడువు పెంచమని పెట్టుకున్న అర్జీలో ఈ సంగతి రాయలేదు. 'సాంకేతిక కారణాల వల్ల' అని మాత్రం రాసింది. నా పేరు ఎందుకు బజారున పెట్టడం అనుకుందట.

నన్ను కాపాడిన తీరు

గడువు పెంచలేదు. కారణం కాగితం మీద స్పష్టంగా ఉంది: సీలు బిగించడంలో విద్యార్థిని నిర్లక్ష్యం వల్ల ప్రయోగం విఫలమైంది. కింద హెడ్ సార్ సంతకం.

ఆయన గదికి వెళ్లాను.

"సార్, ఆ లీకు నా వల్ల అయిందని చెప్పిన గద."

"ఎప్పుడు చెప్పినవ్? నువ్వు జోక్ చేసినవ్, మేం నవ్వినం."

"తీగ చూపించిన సార్."

ఆయన కుర్చీ చూపించాడు. "కూర్చో యాదగిరీ. నీకు ఇంకా ఎనిమిది నెలల సర్వీస్ ఉన్నది. నీ పేరు రాస్తే ఎంక్వైరీ అయితది. రిటైర్మెంట్ కాగితాలు ఏడ ఆగుతయో నీకే తెల్వదు. నీ కోసమే రాయలేదు. నిన్ను కాపాడిన."

"మరి ఆ పిల్ల?"

"ఆమెది చిన్న వయసు. ఏదో ఒకటి చేసుకుంటది."

ఇక్కడ నేను కుర్చీ తన్ని లేచానని రాస్తే చదివే మీకు బాగుంటుంది. నేను "థాంక్స్ సార్" అన్నాను. అని, తలుపు మెల్లగా వేసి బయటికి వచ్చాను.

ఆ మనిషి మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఒక ట్రాక్‌మన్ కూతురు అయిదేళ్ల కష్టాన్ని ఒక్క వాక్యంతో తుడిచేసి, దానికి దయ అని పేరు పెట్టాడు. ఆ దయ నాకెందుకు నచ్చిందో తెలుసు కాబట్టి నా మీద ఉన్న కోపం అంతకంటే ఎక్కువ. చేసుకున్నవారికి చేసుకున్నంత అంటారు. మా లాబ్‌లో చేసింది ఒకడు, అనుభవించింది ఇంకొకరు.

నా రిటైర్మెంట్ రోజు శాలువా కప్పారు. హెడ్ సార్ మైకులో నా సేవలు పొగిడి, చివర్లో ఆ బొట్టు కథ చెప్పాడు. హాలంతా నవ్వింది. మా ఆవిడ కూడా ఏమిటో తెలియక నవ్వింది. ఇంటికొచ్చాక అడిగితే పడుకో అన్నాను. అప్పటికి సువార్త క్యాంపస్ వదిలిపెట్టి రెండు నెలలైంది.

కొత్తగా చేరే పిల్లలకు ఒకటే చెప్తాను. లాబ్‌లో జోకులు వేసుకోండి, లేకపోతే ఆ చలి పనిలో పిచ్చెక్కుతుంది. కానీ తప్పు మాత్రం జోకుగా చెప్పకండి. పక్కవాడు తన తప్పును నవ్వుతూ చెబితే మీరు నవ్వకండి. కాగితం తీసుకుని "ఏం జరిగింది, చెప్పు" అనండి. పూజలు మానేయమని అననే అనను. మా అమ్మ పొయ్యికి బొట్టు పెట్టేది, కానీ ముందు పొయ్యిని శుభ్రంగా అలికేది. తప్పు దేవుడిదీ కాదు, కుంకుమదీ కాదు.

మెట్టుగూడ

బొమ్మ మళ్లీ వచ్చిన మర్నాడు నేను డిపార్ట్‌మెంట్‌కు ఇవ్వడానికి ఒక ఉత్తరం రాశాను. సగం పేజీ. అది ముందు ఆమెకు చూపించాలని మెట్టుగూడ వెళ్లాను. వాళ్ల నాయన రిటైరయ్యాడు, క్వార్టర్స్ ఖాళీ చేసి ఆ వెనక గల్లీలో అద్దెకుంటున్నారు. సువార్త ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తోంది. ముందు గదిలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"కూసోండి సార్" అంది. నీళ్లిచ్చింది.

"ఆ బొమ్మ మళ్లీ తిరుగుతున్నది బిడ్డా" అన్నాను.

"నాకు కూడ వచ్చింది. నా స్టూడెంటే పంపిండు. 'మేడం, ఇది చూడండి, మస్తున్నది' అని."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట సార్? నవ్వే బొమ్మ పెట్టిన."

ఉత్తరం ఇచ్చాను. ఆమె ఎర్ర పెన్ను చేతిలోనే ఉంచుకుని చదివింది. బొట్టు నేను పెట్టానని, భూతద్దంతో చూడలేదని, ఆమె అడిగితే కసిరానని, సీలు ఆమె సరిగ్గానే బిగించిందని, అన్నీ రాశాను. చదువుతూ చివరికొచ్చి ఆగింది.

"ఈ లైను తీసెయ్యండి సార్."

చూశాను. 'ఈ విషయం అప్పుడే హెడ్ గారికి తెలియజేశాను' అన్న లైను.

"అదేంది బిడ్డా, చెప్పిన గద."

"మీరు చెప్పలే సార్. నవ్విచ్చిన్రు."

ఆమె గొంతు పెంచలేదు. మూడేళ్లుగా ఎవరైనా అడిగితే అంటానని సిద్ధంగా పెట్టుకున్న మాటలన్నీ ఆ ఒక్క లైనులోనే ఉన్నాయి. అది తీసేస్తే నాకు మిగిలేదేమీ లేదు. జేబులోంచి పెన్ను తీసి కొట్టేయబోతే ఆమె ఆపింది.

"కొట్టేస్తే ఆఫీసుల తీసుకోరు. మంచిగ మళ్ల రాయండి. ఇది ఉంటే పీహెచ్‌డీకి మళ్ల రీ-రిజిస్ట్రేషన్ అడుగుత. ఇస్తరో ఇయ్యరో నాకు తెల్వదు. ఆ నిర్లక్ష్యం అన్న మాటైతే పోవాలె."

దిద్దుతున్న కట్టలోంచి ఒక తెల్లకాగితం లాగి ఇచ్చింది. మొదటినుంచి రాసుకుంటూ వచ్చాను. ఆ లైను దగ్గర చెయ్యి ఆగింది.

"ఈడ ఖాళీ ఉంచుతే ఎట్ల? ఇన్ని రోజులు ఎందుకు ఊకున్నవని అడుగుతరు" అన్నాను.

సువార్త పేపర్ల మీంచి తలెత్తలేదు. "అడుగుతరు సార్. రాయండి."

రాశాను. "నేను భయపడి చెప్పలేదు."

కింద సంతకం పెట్టాను. ఆమె తీసుకుని చదివి, మడత పెట్టకుండా ఫైలులో పెట్టింది. "రేపు పదిన్నరకు ఆఫీసు తీస్తరు. నేను కాలేజీకి లీవ్ పెడ్త" అంది.